బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లన్నీ చిన్న కార్ల పిల్లలేనా? ఆస్టిన్ సెవెన్ నుంచి ఎంజీబీ దాకా

స్పానర్_శీను:
అందరికీ నమస్తే. నేనుండేది కోవెంట్రీలో, గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం మాకు దగ్గరే, వీలు దొరికితే అక్కడికే పోతుంటా. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ, లోటస్ అనగానే మనవాళ్ళు అందం గురించి, స్పీడు గురించి మాట్లాడతారు కానీ నాకు వీటి గొప్పతనం వేరే చోట కనిపిస్తుంది. వీటిల్లో చాలావాటి కింద ఉన్నది ఓ గుమాస్తానో టీచరో కొనుక్కున్న చిన్న కారు సామానే. అదే ఇంజను, అదే గేర్‌బాక్సు, అదే స్టీరింగు, పైన తేలికైన బాడీ, రెండు కార్బ్యురేటర్లు (పెట్రోలునీ గాలినీ కలిపే భాగాలు), రెండే సీట్లు. ఉన్న సామాన్తోనే ఇంత సరదా ఇచ్చే కారు చేయొచ్చని ఇంత గట్టిగా చూపించిన దేశం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఆస్టిన్ సెవెన్ దగ్గర మొదలుపెడతా. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో ఉంది, చిన్న కారు చేద్దామంటే బోర్డు ఒప్పుకోలేదు, అప్పుడు హెర్బర్ట్ ఆస్టిన్ ఫ్యాక్టరీ నుంచి స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ళ డ్రాఫ్ట్స్‌మన్‌ని ఇంటికి పిలిపించుకుని బిలియర్డ్స్ గదిలో కూర్చుని ఆ కారు గీయించాడు. 1922లో బయటికి వచ్చింది. ఇంజను తొందర్లోనే 747 సీసీ అయింది, నాలుగు సిలిండర్లు. అప్పటిదాకా సైడ్‌కార్ తగిలించిన మోటార్‌సైకిల్ మీద పెళ్ళాం పిల్లల్ని తిప్పుకునేవాళ్ళు దీనికి మారిపోయారు. 1939 దాకా సుమారు 2,90,000 కార్లు. జర్మనీలో డిక్సీ పేరుతో లైసెన్స్ మీద చేశారు, 1928లో ఆ కంపెనీని బీఎమ్‌డబ్ల్యూ కొనేసింది, అంటే బీఎమ్‌డబ్ల్యూ వాళ్ళ మొదటి కారు ఈ ఆస్టిన్ సెవెనే. 1948లో కోలిన్ చాప్‌మన్ కట్టిన మొదటి కారు పాత ఆస్టిన్ సెవెన్ విప్పి చేసిందే, అక్కణ్ణుంచే లోటస్ పుట్టింది. న్యూజిలాండ్‌లో బ్రూస్ మెక్‌లారెన్ కుర్రాడిగా మొదట రేసు చేసిందీ ఆస్టిన్ సెవెన్ మీదే. ఒక్క చిన్న కారు నుంచి మూడు పేర్లు!

ఎంజీ కూడా అంతే. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కి ఉన్న మోరిస్ గ్యారేజెస్‌ని సెసిల్ కింబర్ చూసుకునేవాడు. 1928లో కొత్తగా వచ్చిన మోరిస్ మైనర్ ఛాసిస్ (కారు కింది చట్రం), దాని 847 సీసీ ఇంజను తీసుకుని తేలికైన రెండు సీట్ల బాడీ పెట్టి ఎమ్ టైప్ మిడ్జెట్ అన్నాడు. ధర 175 పౌండ్లు. మధ్యతరగతి కుర్రాళ్ళకి అందే స్పోర్ట్స్ కారు అంటే అదే.

మీరేమంటారో రాయండి.

బెజవాడ_ఎస్‌యూ:
శీను గారూ మంచి టాపిక్ పెట్టారండి. మాది విజయవాడ ఆటోనగర్, మా నాన్నగారు అంబాసిడర్ ఇంజన్లు విప్పి కట్టడంలోనే తల నెరిపించుకున్నారు. మీరు చెప్పినదానికి సాక్ష్యం మన కళ్ళముందే ఉంది. 1959లో అంబాసిడర్‌కి ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది కదా, 1489 సీసీ, ఆస్టిన్, మోరిస్ కలిసి ఏర్పడ్డ బీఎమ్‌సీ వాళ్ళ బీ సిరీస్ అనే ఇంజను. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ అదే 1489 సీసీ బీ సిరీసే. బోరు (సిలిండరు వెడల్పు) 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9, రెండిటికీ ఒకటే. ఫైరింగ్ ఆర్డర్ అదే 1-3-4-2. ఎంజీఏకి కంప్రెషను పెంచి, క్యామ్ మార్చి, ఒక కార్బ్యురేటర్ బదులు ఎస్‌యూ రకం కార్బ్యురేటర్లు రెండు పెట్టి 68 హార్స్‌పవర్, కాస్త ఆగి 72 లాగారు. అంబాసిడర్‌లో బరువు మోయడానికి పెట్టిన ఇంజను, అక్కడ గంటకి 95 మైళ్ళు పోయేది.

ఆ ఇంజను హెడ్డు (పై భాగం) విప్పి చూసినవాళ్ళకి తెలుస్తుంది, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్టూ పొగ బయటికి పోయే ఎగ్జాస్టూ రెండూ ఒకే పక్క. నాలుగు సిలిండర్లకి కలిపి అయిదే పోర్టులు, రెండు ఇన్‌లెట్, మూడు ఎగ్జాస్ట్. ఒక్కో ఇన్‌లెట్ పోర్టు రెండు సిలిండర్లకి గాలి ఇవ్వాలి. అందుకే రెండు ఎస్‌యూలు పెడితే దానికి అంత కలిసొస్తుంది, ఒక్కో కార్బ్యురేటర్ ఒక్కో పోర్టుకి సూటిగా కూర్చుంటుంది. లోపల పెట్రోలు మండే చాంబర్లు హార్టు ఆకారంలో ఉంటాయి, హ్యారీ వెస్లేక్ అనే ఆయన పనితనం అది.

గచ్చిబౌలి_గేర్స్:
అన్నా మస్తుగ చెప్పిన్రు ఇద్దరు. కానీ శీను అన్నా, చిన్న కార్ల సామాన్ అని అన్నిటికి ఎట్ల అంటవ్? జాగ్వార్ ఈ టైప్ ఉంది కదా. 1961 మార్చిల జెనీవా షోల పెట్టిన్రు, 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజన్, 265 హార్స్‌పవర్, 150 మైళ్ళ స్పీడ్ అని చెప్పిన్రు. దాని బాడీ గీసినోడు మాల్కమ్ సేయర్, విమానాల కంపెనీల నుంచి వచ్చినోడు. లె మాన్స్ 24 గంటల రేసుల 1955, 56, 57 వరుసగ మూడేండ్లు గెలిచిన డీ టైప్ నుంచి వచ్చిన కార్ అది. షోల జనం ఎగబడ్డరు, టెస్ట్ డ్రైవ్‌కు ఇంకో కార్ కావాలంటే నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రంతా నడుపుకుంట జెనీవా పోయిండు. ఇండ్ల చిన్న కార్ యాడుంది?

ఇంక లోటస్ ఎలాన్. గది మొత్తం కొత్త ఆలోచనే కదా, ఉక్కుతోని వెన్నెముక లెక్క ఛాసిస్, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, ట్విన్ క్యామ్ ఇంజన్.

స్పానర్_శీను:
ఈ టైప్ విషయం ఒప్పుకుంటా తమ్ముడూ, జాగ్వార్ దారి వేరు. అయినా అది అంత పేరు తెచ్చుకోవడానికి కారణం ధర కూడా. ఆ స్పీడు ఇచ్చే ఇటలీ కార్లు కొనే డబ్బులో ఇది దాదాపు సగానికే వచ్చేది. విలియం లయన్స్ బతుకు మొదలైంది బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిల్ సైడ్‌కార్లు చేస్తూ, ఆ తర్వాత చేసిన పని ఏంటంటే ఆస్టిన్ సెవెన్ ఛాసిస్ తెచ్చుకుని దాని మీద అందమైన బాడీ కట్టి అమ్మడం. కాబట్టి జాగ్వార్ ఇంటి పునాదిలో కూడా ఆ చిన్న కారు ఉంది.

ఎలాన్ గురించి మాత్రం నీతో ఒప్పుకోను. 1962 కారు అది, ఛాసిస్ గొప్పది, నిజమే, కానీ ఇంజను బ్లాకు ఫోర్డు వాళ్ళ మామూలు ఫ్యామిలీ కారుది, దాని మీద హ్యారీ మండీ గీసిన ట్విన్ క్యామ్ హెడ్డు పెట్టారు, 1558 సీసీ. ముందు చక్రాల అప్‌రైట్లు (చక్రాన్ని పట్టుకునే నిలువు ముక్కలు) ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి తెచ్చినవి. చాప్‌మన్ దగ్గర డబ్బు లేదు, బజార్లో ఏది తేలిగ్గా, బాగా ఉందో అది ఏరుకున్నాడు. బరువు 700 కిలోల లోపే ఉంచాడు కాబట్టి చిన్న కారు భాగాలే సరిపోయాయి. ఇదే నేను చెప్పేది.

ర్యాలీ_పిచ్చి:
ఇంతమంది మాట్లాడారు, మినీ పేరు ఎవరూ ఎత్తలేదేంటి బాబూ!!

1956లో సూయజ్ గొడవొచ్చి ఇంగ్లండ్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టారు, జర్మనీ నుంచి బుడగల్లాంటి మూడు చక్రాల బండ్లు వచ్చి పడుతున్నాయి, బీఎమ్‌సీ పెద్ద లెనర్డ్ లార్డ్‌కి అవి చూస్తే ఒళ్ళు మంట. నిజమైన చిన్న కారు చెయ్యి, ఇంజను మాత్రం మన దగ్గర ఉన్నదే వాడాలి అని అలెక్ ఇస్సిగోనిస్‌కి చెప్పాడు. ఇస్సిగోనిస్ కారు మొత్తం పొడుగు 10 అడుగులు అని గీత గీసుకుని దాంట్లో నలుగురు మనుషులు హాయిగా కూర్చోవాలన్నాడు. ఇంజన్ని అడ్డంగా తిప్పాడు, గేర్‌బాక్సుని ఇంజను కింద ఆయిల్ సంపులోనే పెట్టేశాడు, రెండిటికీ ఒకటే ఆయిలు. చక్రాలు 10 అంగుళాలు, ఆ సైజు టైర్లు డన్‌లప్ వాళ్ళు దీనికోసం చేశారు. స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ చేసిన రబ్బరు కోన్లు. 1959 ఆగస్టు 26న విడుదల. 848 సీసీ. మొదట్లో వానలో ఆగిపోయేది, ఎందుకంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ గ్రిల్లు వెనకాలే ఉంది, నీళ్ళు నేరుగా దాని మీదకే, కార్పెట్లు తడిసిపోయేవి కూడా. అవన్నీ సర్దుకున్నారు.

కానీ అది రేసు కారు అవుతుందని ఇస్సిగోనిస్ అనుకోలేదు. ఫార్ములా వన్‌లో 1959, 1960 రెండేళ్ళూ గెలిచిన కార్ల తయారీదారు జాన్ కూపర్ దాన్ని నడిపి చూసి ఇందులో సత్తా ఉందన్నాడు. 1961లో 997 సీసీ కూపర్, ముందు డిస్క్ బ్రేకులు, 1963లో 1071 సీసీ కూపర్ ఎస్. 1964 మాంటీ కార్లో ర్యాలీలో ప్యాడీ హాప్‌కిర్క్, 33 ఈజేబీ నంబరు కారు, పెద్ద పెద్ద ఫోర్డులని మంచులో వెనక్కి నెట్టేసి గెలిచింది. 1965లో టిమో మాకినెన్. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలే, లైటు బల్బులు రూలు ప్రకారం లేవని మూడిటినీ తీసేశారు, కప్పు సిట్రోయెన్ నడిపిన పౌలీ టోయివోనెన్‌కి ఇచ్చారు, ఇప్పటికీ తల్చుకుంటే నాకు కడుపు మండుతుంది. 1967లో రౌనో ఆల్టోనెన్ వచ్చి మళ్ళీ గెలిచి లెక్క సరిచేశాడు.

అంటే శీను గారి లెక్కకి మినీ ఇంకో మెట్టు పైన. స్పోర్ట్స్ బాడీ కూడా పెట్టలేదు, చిన్న కారే స్పోర్ట్స్ కారయింది.

అనంతపురం_ఆటో:
మినీ కంటే ముందు ఇస్సిగోనిస్ చేసిన మోరిస్ మైనర్ని మర్చిపోతే ఎట్ల సామీ. 1948 ఎర్ల్స్ కోర్ట్ షోలో పెట్టినారు. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు, ముందర టార్షన్ బార్లు (మెలితిరిగే కడ్డీ స్ప్రింగులు), మలుపులో ఒంగకుండా పోతాది. తయారీకి రెడీ అయినాక ఆయనకి ఎందుకో సన్నగా కనిపించిందంట, నమూనా కారుని నడిమధ్యకి కోయించి రెండు ముక్కలూ దూరం జరిపిస్తా చూసినాడు, 4 అంగుళాలు ఎడం చేసినాక బాగుంది అన్నాడు. అందుకే బానెట్ మధ్యలో ఆ ఉబ్బు పట్టీ ఉంటాది. బంపర్లు అప్పటికే పాత కొలతకి చేసేసినారు, పారేయలేక వాటిని కూడా మధ్యలో కోసి ప్లేటు పెట్టి కలిపినారు. మొదటి కార్లు చూస్తే ఆ అతుకు కనపడతాది. బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొట్టమొదటి కారు ఇదే. ఇండియాలో బేబీ హిందూస్తాన్ అని చేసినారు దీన్నే.

మా తాతకి ఉండె ఒకటి. ధర్మవరం రోడ్లో దుమ్ములో తిరిగిన బండి, స్టీరింగు మాత్రం అట్లనే తేలిగ్గా ఉండె.

మద్రాసు_మావయ్య:
పిల్లలూ, చాలా సంతోషంగా ఉంది మీ సంభాషణ చదువుతుంటే. నేను 1960లలో మద్రాసులో చదువుకున్నవాణ్ణి, తర్వాత గుంటూరులో స్థిరపడ్డాం. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు మద్రాసు దగ్గర చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ మా తమ్ముడి దగ్గర ఉండేది, అందుకని దాని గురించి రాస్తాను.

అసలు ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. దాని పుట్టుక ఒక ఇబ్బందిలోంచి వచ్చింది. స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లోని 1953లో పోటీదారు అయిన బీఎమ్‌సీ కొనేసింది. ఇక ఒకే చోట బాడీ మొత్తం చేయించుకునే దారి లేదు. అప్పటికి అందరూ ఛాసిస్ వదిలేసి, బాడీయే చట్రంగా ఉండే మోనోకాక్‌కి వెళ్ళిపోతుంటే వీళ్ళు మళ్ళీ విడిగా ఛాసిస్ చేసి, బాడీని ముక్కలు ముక్కలుగా రకరకాల చోట్ల చేయించి బోల్టులతో బిగించారు. గీసింది ఇటలీ ఆయన మికెలోట్టి. ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి ఎత్తితే ఇంజను, చక్రాలు, సస్పెన్షన్ అన్నీ బయటపడేవి. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకునేవాడు. 25 అడుగుల వెడల్పు ఉంటే చాలు గిర్రున తిరిగిపోయేది.

ఆ విడి ఛాసిస్ ఉండబట్టే స్పిట్‌ఫైర్ సాధ్యమైంది. ఛాసిస్ పొట్టి చేసి మికెలోట్టితోనే రెండు సీట్ల బాడీ గీయించారు. కంపెనీకి డబ్బు లేక ఆ నమూనా మూల పడి ఉంది, 1961లో లేలాండ్ వాళ్ళు కంపెనీ కొన్న తర్వాత గుడ్డ కప్పి ఉన్న దాన్ని చూసి చేయమన్నారు. 1962లో 1147 సీసీతో వచ్చింది. మన దేశంలో అయితే హెరాల్డ్‌కి నాలుగు తలుపులు పెట్టారు, ఇంగ్లండ్‌లో అలాంటిది చేయలేదు.

ఒక మాట పెద్దవాడిగా చెబుతున్నాను, ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఉంటుంది, ఇత్తడి రంగు ముక్క, నిలువు లింకు మర చుట్లతో అందులోకి దిగుతుంది, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. దానికి గేర్ ఆయిలు పట్టించాలి, కంపెనీ పుస్తకంలోనూ ఆయిలే అని ఉంది. మా తమ్ముడి బండికి ఒక షెడ్డులో ఎప్పుడూ గ్రీజే దట్టించేవారు. గ్రీజు ఎండి గట్టిపడింది, లోపలికి నీళ్ళు దిగి మర తుప్పు పట్టింది, బ్రాడీపేటలో మలుపు తిప్పుతుంటే లింకు తెగి చక్రం కిందికి మడుచుకుపోయింది. మెల్లగా పోతున్నాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. స్పిట్‌ఫైర్‌కీ ఇదే భాగం, శీను గారు చెప్పిన ఎలాన్‌కీ ఇదే వంశం.

లెస్టర్_లావణ్య:
మావయ్య గారూ మీరు రాసింది నాకు సరిగ్గా కావలసిన టైములో వచ్చిందండీ. నేను లెస్టర్‌లో ఉంటాను, చాలాకాలంగా ఒక పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని కోరిక, మా ఆయన కూడా ఇప్పటికి సరే అన్నారు. మూడు అనుకుంటున్నాను, ఎంజీ మిడ్జెట్, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఎంజీబీ జీటీ. పని నేర్చుకుని నేనే చేసుకోవాలనుంది, స్పానర్ పట్టుకోవడం భయం లేదు. మాకు ఒక పాప, ఏడేళ్ళు. ఏది తీసుకోమంటారు? దేన్ని చూసి జాగ్రత్త పడాలి?

స్పానర్_శీను:
లావణ్య గారూ, పాప కూడా ఎక్కాలంటే జీటీ ఒక్కటే. 1965లో వచ్చింది, పైకప్పు ఆకారం పినిన్‌ఫరీనా వాళ్ళది, వెనక చిన్న సీటు ఉంటుంది, ఏడేళ్ళ పాపకి సరిపోతుంది, వెనక బెల్టులు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి, లేకపోతే పెట్టించాకే ఎక్కించండి. మిడ్జెట్, స్పిట్‌ఫైర్ రెండూ ఇద్దరికే.

ఇంజను గురించి భయపడకండి. 1798 సీసీ బీ సిరీస్, పైన బెజవాడ ఆయన చెప్పిన అంబాసిడర్ ఇంజనుకి అన్నలాంటిది. 1964 చివర్నుంచి క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసు) మూడు మెయిన్ బేరింగుల బదులు అయిదు పెట్టారు, జీటీలన్నీ ఆ తర్వాతవే. ఇంజను ఎప్పుడైనా కట్టుకోవచ్చు, తుప్పు దగ్గరే డబ్బులు పోతాయి. ఎంజీబీకి విడి ఛాసిస్ లేదు, తలుపుల కింద ఉండే సిల్స్ మీదే కారు బలమంతా ఆధారపడి ఉంటుంది. బయటికి మెరిసే పెయింటు వేసి లోపల సిల్ కుళ్ళిపోయిన కార్లు బోలెడు. ఇలా చూడండి. తలుపు తీసి మూయండి, తలుపుకీ వెనక రెక్కకీ మధ్య సందు ఎంతుందో చూసుకోండి. తర్వాత సిల్ దగ్గరున్న జాకింగ్ పాయింటుకి జాకీ పెట్టి ఆ పక్క ఎత్తండి. ఆ సందు మూసుకుపోతున్నా, తలుపు పట్టేస్తున్నా అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. అయస్కాంతం చిన్నది జేబులో పెట్టుకెళ్ళండి, సిల్ పొడుగునా పెట్టి చూడండి, అంటుకోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది.

ఇంకో మంచి విషయం, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు 1988 నుంచి పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీ షెల్ కొత్తది చేసి అమ్ముతున్నారు. కారు ఆగిపోయి ఎనిమిదేళ్ళయ్యాక మళ్ళీ బాడీ తయారీ మొదలుపెట్టారంటే దీనికి ఎంత గిరాకీ ఉందో చూడండి. 40 ఏళ్ళు దాటిన కారుకి ఇక్కడ రోడ్ టాక్స్ లేదు, 2018 నుంచి ఎంఓటీ (ఏటా చేసే కారు ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు, కానీ మీరు మాత్రం ఏటేటా చేయించండి, కారు కింద వేరే మనిషి కన్ను పడటం మంచిది.

గచ్చిబౌలి_గేర్స్:
అక్కా, క్రోమ్ బంపర్ దే తీస్కో, రబ్బర్ బంపర్ ది వద్దు. 1974ల అమెరికా రూల్స్ కోసమని ముందు వెనక నల్లటి పెద్ద రబ్బర్ బంపర్లు పెట్టిన్రు, హెడ్‌లైట్ ఎత్తు సరిపోవాలని కార్‌నే ఒకటిన్నర ఇంచు లేపిన్రు. తక్కువ ఎత్తుల కూసొని రోడ్డు పట్టుకొని పోయే కార్‌ను గట్ల లేపితే మలుపుల ఊగుతది. అందం పోయింది, నడక పోయింది.

స్పానర్_శీను:
తమ్ముడు చెప్పింది నిజమే, అయితే రబ్బరు బంపరువి చవగ్గా దొరుకుతాయి, ఎత్తు తగ్గించే స్ప్రింగులు కూడా దొరుకుతాయి. సిల్స్ బాగున్న రబ్బరు బంపరు కారు, సిల్స్ కుళ్ళిన క్రోమ్ కారు పక్కపక్కన ఉంటే నేను మొదటిదే కొంటా.

లెస్టర్_లావణ్య:
చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఇంకో ప్రశ్న, ఎస్‌యూ కార్బ్యురేటర్లు ట్యూన్ చేయడం కష్టమని అందరూ భయపెడుతున్నారు. నిజమా?

బెజవాడ_ఎస్‌యూ:
అమ్మా, నా పేరులోనే ఎస్‌యూ ఉంది, నేను చెప్తా విను. ఎస్‌యూ అంత తేలికైన కార్బ్యురేటర్ ఇంకోటి లేదు, కొత్తవాళ్ళు భయపడి స్క్రూలన్నీ తిప్పేసి చెడగొడతారు అంతే. లోపల ఒక పిస్టన్, దాని కింద సన్నగా కోసిన సూది, సూది జెట్‌లోకి (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) దిగుతుంది. ఇంజను ఎక్కువ గాలి లాగితే పిస్టన్ పైకి లేస్తుంది, సూది కూడా లేస్తుంది, సూది కిందికి సన్నం కాబట్టి జెట్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ పెట్రోలు వస్తుంది. ఒకటే జెట్, ఒకటే సూది, ఐడిల్‌కీ ఫుల్ స్పీడుకీ అదే.

మొదట చేయాల్సింది ఇది. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, వేలితో పిస్టన్ పైకి ఎత్తి వదులు. మెల్లగా దిగి కింద టక్కుమని మెత్తగా ఇనుము తగిలిన చప్పుడు రావాలి. రాకపోతే పిస్టన్ గోడకి రాసుకుంటోంది లేదా జెట్ మధ్యలో లేదు, అది సరిచేయకుండా ఇంకేదీ ముట్టుకోకు. పైన నల్ల మూత తిప్పి డ్యాంపర్ బయటికి తీస్తే అందులో పల్చటి ఆయిలు ఉండాలి. ఆ ఆయిలు లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా లేచిపోయి ఇంజను తడబడుతుంది, చాలామంది దాన్ని ఇంజను జబ్బనుకుని డబ్బు తగలేస్తారు. రెండు కార్బ్యురేటర్లు సమానంగా గాలి లాగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి మా నాన్నగారు సన్నటి రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి వినేవారు, రెండిటి హిస్ ఒకేలా వచ్చేదాకా స్క్రూ తిప్పేవారు. గాలి సమానం చేశాకే మిక్స్చర్ ముట్టుకోవాలి, ఈ వరస తప్పితే రోజంతా తిప్పినా కుదరదు.

అనంతపురం_ఆటో:
ఇంత మంచి కార్లు చేసి మళ్ళీ ఎట్ల మునిగిపోయినారు వీళ్ళు? అది చెప్పండి ఎవరన్నా. నాకైతే అమెరికా రూల్స్ వల్లే అనిపిస్తాది.

ర్యాలీ_పిచ్చి:
అమెరికా ఒక్కటే కాదు గానీ అమెరికా మీద మరీ ఎక్కువ ఆధారపడ్డారు, అది మాత్రం నిజం. యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌లో ఉన్న అమెరికా సైనికులు ఎంజీ టీసీ చూసి మనసు పారేసుకున్నారు, 1945 నుంచి చేసిన సుమారు 10,000 టీసీలలో రెండు వేల దాకా అమెరికా వెళ్ళాయి, అన్నీ కుడి స్టీరింగువే అయినా కొన్నారు. అక్కణ్ణుంచి ఎంజీఏ, ఆస్టిన్ హీలీ, ట్రయంఫ్ టీఆర్, ఎంజీబీ అన్నీ అక్కడి కోసమే. 1,01,081 ఎంజీఏలు చేస్తే అందులో బ్రిటన్‌లో అమ్ముడుపోయినవి ఆరువేల లోపే. ఒకే కొట్టుకి సరుకు ఇస్తూ కూర్చుంటే ఆ కొట్టువాడు రూలు మార్చిన రోజు మనం ఏమవుతాం.

స్పానర్_శీను:
నా లెక్కలో అసలు కారణం లోపల ఉంది. 1968లో అందర్నీ కలిపి బ్రిటిష్ లేలాండ్ అన్నారు. అంతకుముందు పోటీ పడ్డ ఎంజీ, ట్రయంఫ్ ఒకే ఇంట్లోకి వచ్చాయి. కొత్త స్పోర్ట్స్ కారు చేసే డబ్బంతా ట్రయంఫ్ టీఆర్7కి పోయింది, 1975లో వచ్చింది, ఎంజీ ఫ్యాక్టరీ ఉన్న అబింగ్డన్‌లో ఎంజీబీ 1962 నాటి కారే చివరిదాకా. 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్ నుంచి పుట్టిన మిడ్జెట్‌కి 1974లో ట్రయంఫ్ 1493 సీసీ ఇంజను పెట్టారు, బద్ధ శత్రువు గుండె తీసి పెట్టినట్టు ఎంజీ వాళ్ళు బాధపడ్డారు. ఈలోపు 1969లో డాట్సన్ 240జెడ్ వచ్చింది, ఆరు సిలిండర్లు, తడవని కారు, వానలో స్టార్టయ్యే కారు, దగ్గర దగ్గర ఎంజీబీ కొనే మనుషుల జేబుకే. 1979లో ఎంజీ అబింగ్డన్‌కి వచ్చి 50 ఏళ్ళయిందని ఊరంతా పండగ చేసుకున్నారు, అది అయిన వెంటనే సోమవారం ఫ్యాక్టరీ మూసేస్తున్నాం అని ప్రకటించారు. 1980 అక్టోబరులో చివరి ఎంజీబీ. 18 ఏళ్ళలో 5 లక్షలకు పైగా చేశారు. అక్కడ పనిచేసినవాళ్ళ తప్పు ఒక్కటి కూడా లేదు, ఆ ఫ్యాక్టరీలో సమ్మెలు మిగతా చోట్లకంటే చాలా తక్కువ. నాకు దీని మీద ఇప్పటికీ కోపమే.

మద్రాసు_మావయ్య:
హిల్‌మన్ ఇంప్ సంగతి కూడా ఇలాంటిదే. 1963, స్కాట్లాండ్‌లో లిన్‌వుడ్, 875 సీసీ అల్యూమినియం ఇంజను వెనకాల. ఎంతో మంచి ఇంజను. కానీ ప్రభుత్వం ఉద్యోగాల కోసం ఫ్యాక్టరీని అక్కడ పెట్టించింది, ఇంజను పోతలు లిన్‌వుడ్‌లో పోసి కోవెంట్రీ దగ్గరికి పంపి, అక్కడ కోసి బిగించి, మళ్ళీ వెనక్కి పంపేవారు. ఆ రవాణా ఖర్చుతో మినీకి పోటీ ఎలా ఇస్తారు.

గచ్చిబౌలి_గేర్స్:
ఎలాన్ అంటే ఏందో జపానోళ్ళు మంచిగ అర్థం చేసుకున్నరు. 1989ల మాజ్డా ఎమ్‌ఎక్స్-5 వచ్చింది, ముందట ఇంజన్, వెనక చక్రాలకు డ్రైవ్, తక్కువ బరువు, ట్విన్ క్యామ్, రెండు సీట్లు. ఆయిల్ కారదు, కరెంట్ పోదు. పది లక్షలు దాటి అమ్మిన్రు. బ్రిటన్‌ల మార్కెట్ పోలే, కార్లే పోయినయ్. ఇగ ఎంజీ పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిల ఉంది, మన దగ్గర గుజరాత్ హలోల్‌ల ఎస్‌యూవీలు చేస్తున్నరు.

లెస్టర్_లావణ్య:
చదువుతుంటే బాధేసింది కానీ నా నిర్ణయం మారలేదు. క్రోమ్ బంపరు జీటీ ఒకటి నాటింగ్‌హామ్ దగ్గర ఉంది, 1972ది, శనివారం చూడ్డానికి వెళ్తున్నా. ఆఖరి ప్రశ్న, పెట్రోలు ఏది పోయాలి? ఇక్కడ మామూలు బంకుల్లో ఇ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపింది) వస్తోంది కదా.

బెజవాడ_ఎస్‌యూ:
మామూలుది వద్దమ్మా, సూపర్ అని అమ్మేది పోయించు, చాలా బంకుల్లో దాంట్లో ఇథనాల్ 5 శాతం లోపే ఉంటుంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని మెత్తబరిచి పగలగొడుతుంది, తడి లాగి ట్యాంకులో తుప్పు తెస్తుంది. ఇక్కడ మాకు ఇ20 వచ్చాక పాత అంబాసిడర్లకి అదే పని, గొట్టాలు మార్చడం. నువ్వు కారు తెచ్చిన మొదటి వారమే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకం వేయించు, పాతవి వేలితో మడిస్తే సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి, అవి ఎగ్జాస్ట్ పైనే ఉంటాయి, ఈ ఇంజనుకి రెండూ ఒకే పక్క అని చెప్పా కదా. ఇంకోటి, సీసం కలిపిన పెట్రోలు రోజుల నాటి హెడ్డు అది, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు గట్టివి వేయించారా అని అమ్మేవాణ్ణి అడుగు. వేయించకపోతే దాని కోసం కారు వదులుకోకు, ధర తగ్గించమను, ఏడాదిలో హెడ్డు దించి వేయించుకోవచ్చు. ట్యాపెట్ గ్యాపులు (వాల్వుల దగ్గరి సందులు) మాత్రం అప్పటిదాకా తరచూ చూసుకుంటూ ఉండు, గ్యాపు తగ్గిపోతూ ఉంటే సీటు అరుగుతోందని అర్థం.

స్పానర్_శీను:
శనివారం నేను ఖాళీనే లావణ్య గారూ, కోవెంట్రీ నుంచి నాటింగ్‌హామ్ గంట దారి. కావాలంటే నేనూ వస్తా, ట్రాలీ జాకీ నా కారులోనే ఉంది. అమ్మేవాళ్ళకి ముందే ఫోన్ చేసి ఇంజను స్టార్ట్ చేయకుండా చల్లగా ఉంచమని చెప్పండి, చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో మనం చూడాలి.